చదవకుండా తలూపినవాడు

కొట్రేశ్‌కు తెలుగు చదవడం రాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, అమ్మ తిట్టేది తెలుగే, కలలో వినిపించేదీ తెలుగే. కానీ కన్నడ సీమలోని హచ్చొళ్ళి బడిలో పలక మీద దిద్దింది కన్నడ అక్షరాలు. అతని ఈడు తెలుగువాళ్ళు ఆ ఊళ్ళో దాదాపు అందరూ అంతే. ఎవరూ దాన్నొక లోటనుకోరు. నాగవేణి అడిగేదాకా కొట్రేశ్ కూడా అనుకోలేదు.

నాగవేణిది తణుకు దగ్గర పల్లె. ఆమె పెద్దమ్మవాళ్ళు నలభై ఏళ్ళ కిందట వచ్చి, కాలువ కింద పొలాలు కొని, హచ్చొళ్ళి పక్కన కోస్తా రైతులు కట్టుకున్న క్యాంపులో స్థిరపడ్డారు. వాళ్ళ పొలం గట్టూ కొట్రేశ్ మేనమామ ఉచ్చెంగెప్ప పొలం గట్టూ ఒకటే. రెండేళ్ళ కిందట ఆ ఇంట్లో అన్నప్రాసన జరిగితే మేనమామతో పాటు కొట్రేశ్ కూడా భోజనానికి వెళ్ళాడు. తోరణగల్లు స్టీలు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు ఉద్యోగం, సెలవు మీద ఊళ్ళో ఉన్నాడు. వడ్డించడానికి వచ్చిన అమ్మాయి అతని మాట విని నవ్వింది.

"ఉండాది అంటారేంటండీ? ఏది ఉండాలి?"

"ఏదీ ఉండాల్సిన పన్లేదు. అన్నం ఉండాది, చాలు."

"మీరూ తెలుగువాళ్ళేనా?"

"తెలుగోళ్ళమే."

"నేను బడిలో తెలుగు చెబుతానండి. మీరు తెలుగు పుస్తకాలు చదువుతారా?"

కాదనడానికి అప్పుడేమీ అడ్డం లేదు. మాకు ఈడ కన్నడ బడి అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆమె కళ్ళల్లో ఏదో ఆశ కనిపించింది. కొట్రేశ్ "ఊ" అన్నాడు.

ఆ 'ఊ' దగ్గర మొదలైంది. ఆమె తణుకు వెళ్ళిపోయాక ఫోన్లు నడిచాయి. మీరు పోయి నువ్వు వచ్చింది. అతని షిఫ్టులు ఆమెకు కంఠతా వచ్చాయి. ఆమె బడిలో ఏ పిల్లవాడు ఏ పద్యం దగ్గర ఆగిపోతాడో అతనికి తెలిసింది. ఇద్దరి మధ్య ఒక రాత్రీ ఒక పగలూ ప్రయాణమంత దూరం. రెండేళ్ళలో ముఖాముఖి చూసుకున్నది నాలుగు సార్లు.

నాగవేణికి ఒక అలవాటు ఉంది. మనసులో బరువుగా ఉన్న మాట నోటితో చెప్పదు. నోట్సు కాగితం మీద చేత్తో రాసి, ఫోటో తీసి, ఫోన్లో పంపేది. నోటితో అంటే ఆ మాట తేలికైపోతుందని ఆమె భయం.

అచ్చు అక్షరమైతే కొట్రేశ్ ఎలాగో గట్టెక్కేవాడు. తెలుగు లిపీ కన్నడ లిపీ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి కదా. గుంతకల్లు వైపు వెళ్ళినప్పుడు బస్సు బోర్డులు, దుకాణాల పేర్లు కూడబలుక్కునేవాడు. నాగవేణి చేతిరాత అలాంటిది కాదు. తలకట్లూ గుడులూ ఒకదానిలోకి ఒకటి జారిపోయి, వరుస మొత్తం ఒకే దారంలా సాగేది. మొదటి కాగితాన్ని వేళ్ళతో పెద్దది చేసి, చిన్నది చేసి, చివరికి పక్క మంచం మీద ఉన్న హనుమంత చేతికి ఫోన్ ఇచ్చాడు.

హనుమంత అతని రూమ్మేటు. సొంతూరు గుంతకల్లు, చదివింది తెలుగు బడి. మొదట్లో అదంతా వాళ్ళిద్దరికీ ఆటగా ఉండేది.

"ఏమప్పా, మన పాప ఏం రాసింది?"

"మన పాప ఏంది రా? నా పాప."

"నీ పాపే లే. చదివేది నేను కదా. సగం ప్రేమ నాకే తగుల్తాండాది."

"నోరు మూసుకోని చదువు."

"నోరు మూస్తే యెట్ల చదివేది?"

కిందటి చైత్రంలో నాగవేణి తల్లి పోయింది. గుండెపోటు. దొడ్లో బట్టలు ఆరేస్తూ పడిపోయింది. అరగంట ముందు తీసుకొచ్చి ఉంటే ఏమో అన్నారట ఆసుపత్రిలో. ఆ సంగతి ఫోన్లో చెప్పినప్పుడు నాగవేణి ఎక్కువ మాట్లాడలేదు. కార్తీకంలో ఒక ఆదివారం మధ్యాహ్నం కాగితం ఫోటో వచ్చింది. రెండు పేజీలు.

హనుమంత కిటికీ దగ్గర కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. నాలుగో వరుస దగ్గర ఆగాడు.

"ఇది నేను చదవకూడదప్పా."

"ఏం, ఏముండాది?"

"ఆ పాపకు ఫోన్ చెయ్. నీ నోటితోనే చెప్పమని అడుగు. ఇది నాది కాదు."

"అడిగితే నాకు రాదని తెలిసిపోతాది. రెండేళ్ళు చదివినట్టు ఉండి ఇప్పుడేం చెప్పేది? చదువు."

"నా మాట విను కొట్రేశా."

"చదువు రా!"

హనుమంత చదివాడు. ఎత్తూ పల్లం లేని గొంతుతో, గోడకంటించిన నోటీసు చదివినట్టు చదివాడు. ఆ రోజు అమ్మ దొడ్లోంచి రెండుసార్లు పిలిచింది. వేణీ, ఒకసారి ఇటు రావే అంది. నేను నీతో ఫోన్లో ఉన్నాను. వస్తున్నా అని కేకేసి, ఇరవై నిమిషాలు వెళ్ళలేదు. ఆ రోజు సొసైటీ మీటింగుకు వెళ్ళకుండా ఉంటే బతికించుకునేవాడినని నాన్న రోజూ అంటాడు. నేను పక్కనే ఉండి వింటాను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియకూడదు.

చదవడం అయ్యాక హనుమంత ఫోన్‌ను మంచం మీద పెట్టి బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. కొట్రేశ్ నాగవేణికి ఫోన్ చేసి, నీ తప్పేం లేదన్నాడు. ఆమె అవతల చాలాసేపు ఏడ్చింది. "నువ్వు చదివావు. అది చాలు నాకు. ఒక్క మనిషికి తెలిస్తే చాలు," అంది.

ఒక్క మనిషి. మెట్ల మీద కూర్చున్న రెండో మనిషి వీపు కొట్రేశ్‌కు తలుపులోంచి కనిపిస్తూనే ఉంది.

ఆ తర్వాత హనుమంత వేళాకోళం మానేశాడు. "నెల దినాలు నా ముందర కూర్చో. చేతిరాత కూడా నేర్పిస్తా," అని ఒక నోటుబుక్కు తెచ్చాడు. కొట్రేశ్ నాలుగు రోజులు కూర్చున్నాడు. అయిదో రోజు షిఫ్టు మారింది. మళ్ళీ కూర్చోలేదు. ప్రయత్నించినా రాలేదంటే అది వేరు. నెలలో వచ్చే చదువును నేర్చుకోలేదు, అంతే. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

మాఘంలో పెళ్ళి మాట బయటికొచ్చింది. నాగవేణే ఇంట్లో చెప్పింది. తండ్రి సీతారామారావు రెండు వారాలు ఆలోచించి సరేనన్నాడు. తల్లి పోయి ఏడాది తిరగకముందు ఆ ఇంట్లో తాంబూలాలు బాగుండవని, హచ్చొళ్ళి క్యాంపులో పెద్దమ్మ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలని అనుకున్నారు. తండ్రీకూతుళ్ళు ముందురోజే వచ్చారు. ఇటువైపు నుంచి కొట్రేశ్, తల్లి శరణమ్మ, మేనమామ ఉచ్చెంగెప్ప వెళ్ళారు.

వసారాలో కుర్చీలు వేశారు. ఉచ్చెంగెప్ప కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"రావుగారూ, మావాడు క్రేన్ ఎక్కితే కింద ఉండే మనుషులు చీమల మాదిరి కనపడతారంట. తణుకులో ఉండే మీ పాప మాత్రం ఈనికి యెట్ల కనపడిందో చూడండి!"

సీతారామారావు చిన్నగా నవ్వాడు. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి. నవ్వినా ముఖం మీద నవ్వు నిలవలేదు. "ఆవిడ ఉంటే ఈ మాటలన్నీ ఆవిడే చూసుకునేదండీ," అన్నాడు.

"దేవుడు మంచోళ్ళనే పిలుస్తాడన్నా," అంది శరణమ్మ. ఆమె ఒళ్ళో పళ్ళెం ఉంది. ఆకులు, వక్కలు, అరటిపళ్ళు, రవికె గుడ్డ.

కాఫీలు అయ్యాయి. నాగవేణి లోపలినుంచి సైగ చేస్తే, కొట్రేశ్ చెయ్యి కడుక్కునే నెపంతో ఇంటి పక్కకు వచ్చాడు. ఆమె అక్కడ ఎదురుచూస్తోంది. ముఖం పాలిపోయి ఉంది. మడిచిన కాగితం అతని చేతిలో పెట్టింది.

"ఇప్పుడే చదువు. నాన్న మాట మొదలెట్టకముందే నాకు తెలియాలి."

"ఏంది?"

"చదివితే తెలుస్తుందిగా. అవునంటే తల ఊపు చాలు. వద్దంటే చింపేసెయ్. నేనేమీ అనుకోను."

కొట్రేశ్ కాగితం విప్పాడు. హనుమంత తోరణగల్లులో షిఫ్టులో ఉన్నాడు. అదే చేతిరాత, ఈసారి ఇంకా తొందరలో రాసింది. 'అమ్మ' అనే మాట దొరికింది. అది కన్నడంలోనూ అలాగే ఉంటుంది. 'నాన్న' నాలుగుచోట్ల దొరికింది. తక్కినదంతా దారం. అమ్మ ఉంటే సంతోషించేదనీ, నాన్న ఒప్పుకున్నాడనీ, నీకు సమ్మతమేనా అనీ రాసి ఉంటుంది, ఈ రోజు ఇంకేం రాస్తుంది అనుకున్నాడు. చూపును వరుస వెంబడి నడిపించడం, మలుపు దగ్గర కిందికి దించడం రెండేళ్ళలో అతనికి బాగా అలవాటైంది. చదివేవాడికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ నిలబడి, తల ఊపాడు. చిన్నగా నవ్వాడు కూడా.

"నిజంగానా?" అంది నాగవేణి.

"ఇందులో ఆలోచించేది ఏముండాది?"

ఆమె కళ్ళలో నీళ్ళు నిలిచాయి. "నేననుకున్నదానికంటే పెద్ద మనసు నీది," అని లోపలికి వెళ్ళింది. కాగితం అతని చేతిలోనే ఉంది. ఆ నిమిషం అతనికి సంతోషంగానే ఉండింది.

అతను వసారాలోకి వచ్చేసరికి నాగవేణి తండ్రి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఉంది. అందరూ ఆమెనే చూస్తున్నారు.

"నాన్నా, తాంబూలాలకు ముందు నీకొక మాట చెప్పాలి. ఆ రోజు నువ్వు ఊళ్ళో లేకపోవడం వల్ల కాదు. అమ్మ నన్ను పిలిచింది. రెండుసార్లు పిలిచింది. నేను ఫోన్లో ఉన్నాను. ఇతనితో. వస్తున్నానని కేకేసి వెళ్ళలేదు. వెళ్ళేసరికి..."

తక్కినది చెప్పలేకపోయింది. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఉచ్చెంగెప్ప తల దించుకున్నాడు. కొట్రేశ్ గడప దగ్గరే ఆగిపోయాడు. కాగితంలో ఏముందో అతనికి అప్పుడు తెలిసింది. చెప్పనా అని అడిగింది. తను చెప్పమన్నాడు.

సీతారామారావు కూతురి వైపు వంగాడు. "రెండుసార్లా?"

"రెండుసార్లు నాన్నా."

"ఇన్నాళ్ళూ నేను సొసైటీకి వెళ్ళకపోతే అని..." కూతురి తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడి నుంచి తియ్యలేదు. "ఒక్కదానివే మోశావా తల్లీ ఇదంతా?"

"ఇతనికొక్కడికే రాశాను. ఇంకెవరికీ తెలియదు. ఇవాళ నీకు చెప్పనా అని ఇందాక అడిగాను. చెప్పమన్నాడు."

సీతారామారావు లేచి వచ్చి కొట్రేశ్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "బాబూ, ఇది దాచేసి కూడా పెళ్ళి జరిపించుకోవచ్చు. నీ పేరు కూడా ఇందులో ఉంది. నాకు కోపం వస్తే సంబంధం పోతుంది. అయినా చెప్పమన్నావు. నా కూతురు మనిషినే ఎంచుకుంది."

ఉచ్చెంగెప్ప గొంతు సవరించుకున్నాడు. "మా అక్క పెంపకం అట్లాంటిది రావుగారూ."

శరణమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని కొడుకు వైపు చూసింది. ఎనిమిదేళ్ళ కిందట ప్లాంటులో ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజున కూడా ఆమె అలా చూడలేదు. కొట్రేశ్ ఆ చూపు నుంచి ముఖం తిప్పుకున్నాడు. తన చేతులు ఇంకా ఆ పెద్దాయన చేతుల్లోనే ఉన్నాయి. చెమట పట్టి జారిపోతున్నాయి. లాక్కోవడానికి ధైర్యం లేదు, ఉంచడానికి అర్హత లేదు.

"ఇంక ఆలస్యమెందుకు? అమ్మాయి మొహం కడుక్కుని రానీ, పళ్ళేలు మార్చుకుందాం," అంది పెద్దమ్మ.

నాగవేణి దొడ్లోకి వెళ్ళింది. కొట్రేశ్ వెంట వెళ్ళాడు. వెనకనుంచి ఉచ్చెంగెప్ప "ఆగలేకపోతాండాడు చూడండి," అంటే అందరూ నవ్వారు. ఏడ్చిన ముఖాలతో నవ్వుతుంటే ఆ నవ్వు అతనికి చురకలా తగిలింది.

ఆమె కుళాయి తిప్పి ముఖం మీద నీళ్ళు చల్లుకుంటోంది.

"నాగవేణీ, ఆ కాగితం నేను చదవలేదు."

"నా ముందే కదా చదివావు?"

"చూసినా. చదవలేదు. నాకు రాదు."

"ఏం రాదు?"

"తెలుగు చదవను రాదు. బళ్ళో కన్నడ నేర్చుకున్యా. నువ్వు అడిగిన దినం ఊ అన్యా. అంతే, ఆ పొద్దు నుంచి అట్లే ఉండాది."

ఆమె మొదట నవ్వబోయింది. తర్వాత అతని ముఖం చూసింది. కుళాయి కట్టేసింది.

"మరి నా ఉత్తరాలు?"

"హనుమంత చదివేవాడు."

"నీ రూమ్మేటా?"

"ఊ."

"అన్నీనా?"

ఆ ఒక్క మాటలో ఆమె ఏ ఉత్తరం గురించి అడుగుతోందో అతనికి తెలిసింది. "అన్నీ. అదీ కూడా." ఆగి, తక్కినది కూడా చెప్పాడు. చెప్పకపోతే హనుమంతకు అన్యాయం అవుతుంది. "వాడు మధ్యలో ఆపినాడు. ఇది నాది కాదు, చదవనన్నాడు. నేనే గదమాయించి చదివించినా."

నాగవేణి ఏడవలేదు. చున్నీతో ముఖం తుడుచుకుంది, మెల్లగా, నుదురు నుంచి గడ్డం దాకా.

"నువ్వు ఫోన్ చేసి నీ తప్పేం లేదన్నావే, అప్పుడు పక్కనే ఉన్నాడా?"

"లేడు. లేచి బయటికి పోయినాడు."

"అతనికున్నపాటి సిగ్గు..." అని ఆగిపోయింది.

ఆమె చెయ్యి చాపింది. అతను కాగితం ఇచ్చాడు. ఆమె విప్పి, బడిలో పాఠం చదివే గొంతుతో, ఒక్కో మాటా విడదీసి చదివింది.

"అమ్మ సంగతి నాన్నకు ఇవాళ చెప్పేద్దామనుకుంటున్నాను. నాన్న తనను తాను తిట్టుకోవడం ఇంక వినలేను. చెబితే నీ పేరు వస్తుంది. నాన్న నీ ముఖం చూడనంటాడేమో. మీ అమ్మగారి ముందు నేను పల్చనవుతాను. నీకు ఇష్టం లేకపోతే నాన్నకు ఎప్పటికీ చెప్పను. చెప్పనా? ఇదంతా అయ్యాక కూడా నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"చేసుకుంటా," అన్నాడు కొట్రేశ్. "చేసుకుంటా నాగవేణీ."

"నేనిప్పుడు అడగలేదు," అంది ఆమె. "చదివానంతే."

కాగితాన్ని మడిచి పిడికిట్లో పెట్టుకుంది. "పళ్ళేలు మార్చుకోవడం ఇవాళ వద్దని నువ్వే చెప్పు. ఎందుకో కూడా నువ్వే చెప్పు. నేను చెబితే నాన్న నన్నే సముదాయిస్తాడు."

"అన్నీ చెప్పాల్నా?"

"నువ్వు మనిషివని నీ చేతులు పట్టుకున్నాడు మా నాన్న."

కొట్రేశ్ వసారాలోకి వచ్చాడు. పెద్దమ్మ చాప పరిచింది. శరణమ్మ పళ్ళెంలో ఆకులు సర్దుతోంది, తొడిమలన్నీ ఒకే వైపు వచ్చేటట్టు. అతను నిలబడే మాట్లాడాడు.

"సార్, తాంబూలాలు ఈ పొద్దు వద్దు."

"ఏమైందిరా?" అన్నాడు ఉచ్చెంగెప్ప.

"మీ పాప అడిగింది చదివి నేను తలూపలేదు సార్. నాకు తెలుగు చదవను రాదు. ఏం రాసిందో తెలీకుండానే ఊపినా."

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఉచ్చెంగెప్ప తొడ చరిచి నవ్వాడు. "అంతేనా! దీనికింత భాగోతమా? నాకు మాత్రం వస్తాదా తెలుగు? ఈ ఊర్లో ఎవనికి వస్తాది? పాప పంతులమ్మ కదా, నేర్పిస్తాది లే. కూర్చో!"

పెద్దమ్మ కూడా ఊపిరి పీల్చుకుని నవ్వింది. సీతారామారావు నవ్వలేదు. గుమ్మంలోకి వచ్చి నిలబడిన కూతుర్ని చూశాడు. మళ్ళీ కొట్రేశ్‌ను చూశాడు.

"అమ్మ సంగతి నీకు రాశానంది కదా బాబూ. అది ఎవరు చదివారు?"

కొట్రేశ్ చెప్పాడు. గదిలో ఎవరుండేదీ, హనుమంత ఎక్కడ ఆగిందీ, తను ఏమని గదమాయించిందీ, ఆ తర్వాత ఆమెకు ఫోన్ చేసి చదివినవాడిలా ఎలా మాట్లాడిందీ, నేర్చుకోమంటే నాలుగు రోజుల్లో ఎలా మానేసిందీ. చెబుతుంటే ఒక్కో మాటా బయటి మనిషి గొంతులా వినిపించింది. తల్లి వైపు చూడకుండా చెప్పాలనుకున్నాడు, కుదరలేదు. శరణమ్మ పళ్ళెం మీదున్న చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

"కార్తీకం అన్నావు," అన్నాడు సీతారామారావు. కోపంగా అనలేదు. లెక్క సరిచూసుకునేవాడిలా అన్నాడు. "మూడు నెలలు. మా ఆవిడ రెండుసార్లు పిలిచిందని మీ గదిలో ఆ అబ్బాయికి మూడు నెలల నుంచి తెలుసు. నాకు ఇందాక తెలిసింది."

ఉచ్చెంగెప్ప తువ్వాలు భుజం మీంచి తీసి మళ్ళీ వేసుకున్నాడు.

"తప్పయింది సార్," అన్నాడు కొట్రేశ్.

"నాతో కాదు కదా," అన్నాడు పెద్దాయన. వంటింటి వైపు చూశాడు. "వంట అయిపోయింది. ఎండన పడి వచ్చారు, తినకుండా వెళ్ళకండి. వేణీ, ఆకులు వెయ్యమ్మా."

చాప మీద నాలుగు విస్తళ్ళు వేశారు. లేచి ఏదో పనుందని బండెక్కి పోవడం చాలా తేలిక. బండి తాళం జేబులోనే ఉంది. కొట్రేశ్ వెళ్ళి కూర్చున్నాడు. నాగవేణి వరుసగా వడ్డిస్తూ వచ్చింది. అతని దగ్గర చేయి తొందరపడలేదు, ఆగనూ లేదు. పప్పు వేసింది, నెయ్యి వేసింది, పక్క విస్తరికి వెళ్ళింది. శరణమ్మ కొడుకు పక్కన కూర్చుని అన్నం కలుపుతూ, ఎవరికీ వినపడనంత చిన్నగా, "నా ముందర ఆ పాప తల దించుకోని చెప్పిందప్పా, నువ్వు గడప దగ్గర నిలబడి విన్యావు," అంది.

కొట్రేశ్ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నీళ్ళు తాగి దించుకుని, ఇంకొక ముద్ద కలిపాడు.